చూసింది చూసినట్టు

ప్లీడరయ్యకు పంటినొప్పి ఉండేదట. ఎన్నికల సభల్లో ఎడమ దవడ కింద లవంగం పెట్టుకుని మాట్లాడేవాడట. అందుకే ఆయన మాట మెత్తగా, ఆగి ఆగి వచ్చేదనీ, జనం దాన్ని వినయం అనుకుని ఓట్లు వేశారనీ పుస్తకంలో రాసి ఉంది. కోర్టు వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చున్న వనజకు పొద్దుటి నుంచీ ఆ లవంగం సంగతే ఎందుకు గుర్తుకొస్తూ ఉందో తెలియదు. ఇంకాసేపట్లో పేరు పిలుస్తారు. లోపలికి పోయి బోనెక్కి, కట్టడం పనిలో చచ్చిపోయిన చెన్నమ్మ ఆ రోజు లిఫ్టు తనంతట తానే ఎక్కిందని చెప్పాలి, లేదంటే మేస్త్రీగా ఉన్న మామ ఎక్కించాడని చెప్పాలి. రెండిట్లో ఒకటే నిజం. ఏది నిజమో వనజకు బాగా తెలుసు, ఆ రోజు ఆమె అక్కడే నిలబడి ఉంది. తెలిసిన దాని గురించి కొత్తగా ఆలోచించడానికి ఏముంటుంది గనక, మనసు లేచిపోయి ఎప్పుడో చచ్చిన అమెరికా వకీలు దవడలో కూర్చుంది.

ఆబ్నర్ కీత్లీ ఆయన పేరు. వకీలు, తర్వాత చట్టసభ మెంబరు, ముసలితనంలో నవలలు రాసినవాడు. ఇన్ని పనులు చేసిన మనిషిని పేరు పెట్టి పిలవడం బాగోదని వనజ ఆయన్ని ప్లీడరయ్య అనుకుంటుంది. ఆయన జీవితం ఆమెకు పుటలు పుటలుగా, వరస లేకుండా తెలుసు. ముందు చచ్చిపోయాడు, తర్వాత ఎన్నికల్లో ఓడాడు, తర్వాత పెళ్లి చేసుకున్నాడు, మొన్న శుక్రవారం పుట్టాడు. మడివాళ మార్కెట్టు వెనక, టైర్ల దుకాణం పైఅంతస్తులో ఆమె పని అటువంటిది. పాత ఇంగ్లీషు పుస్తకాల పుటలు ఫోటోలై కంప్యూటరు తెర మీద పైసగంలో వస్తాయి, కిందిసగంలో వాటిని అక్షరం పొల్లుపోకుండా టైపు కొట్టాలి. ఏ దేశంలో ఎవరికి కావాలో, ఎందుకు కావాలో అడిగినవాళ్లు లేరు. పుస్తకాన్ని పేకముక్కల్లా కలిపి పంచుతారు గనక ఒకరి చేతికి మొత్తం కథ రాదు. చేరిన రోజు రెండు సూత్రాలు చెప్పారు. చూసింది చూసినట్టు కొట్టు, తప్పుంటే తప్పు కొట్టు, నీ తెలివి కలపొద్దు. రెండోది, చదవొద్దు, చదివితే వేళ్లు నెమ్మదిస్తాయి. ఒక్కో పుటను ఇద్దరికిస్తారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇద్దరూ కొడతారు, మిషను రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చుతుంది. తేడా ఉంటే మూడో మనిషికి పోతుంది. లేకపోతే అది ఖాయం, ఇంకెవరూ చూడరు. ఇద్దరూ ఒకే తప్పు కొడితేనో అని వనజ ఆ రోజే అడిగింది. సూపర్వైజరు నవ్వి, "ఇద్దరూ ఒకటే కొడితే అది తప్పెట్లయితాదమ్మా?" అన్నాడు. ఆయన నవ్వాడు గనక ఆమె కూడా నవ్వింది.

వరండాలో నల్లకోట్లు అటూ ఇటూ పోతున్నాయి. ఎదురుగా స్తంభం దగ్గర భర్త తిరుపాలు నిలబడి గోడమీది నోటీసులు చూస్తున్నాడు, అవన్నీ కన్నడంలో ఉన్నాయి, అతనికి కన్నడం మాట్లాడ్డం వచ్చు గాని చదవడం రాదు. పోయిన వాయిదాకు అతను బోనెక్కి చెప్పాల్సింది చెప్పేశాడు. మేస్త్రీ ఎక్కొద్దన్నాడు, ఆమే మెట్లెక్కలేక తానే ఎక్కింది అని. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుని, తెల్లారి మామూలుగా కాంక్రీటు పనికి పోయాడు. అప్పటినుంచి అన్నం తినేటప్పుడు ఆమె మొహం చూడడం మానేశాడు. మామ కోర్టు హాలు లోపల ఉన్నాడు, ముద్దాయి గనక. వెంకటరమణ మేస్త్రీ అంటే హూడి చుట్టుపక్కల సైట్లలో తెలియనివాళ్లు లేరు. మడకశిర పల్లెల నుంచి నాలుగిళ్లవాళ్లని తెచ్చి, రేకుల షెడ్లు వేయించి, అందరికీ తనే అన్నీ అయినవాడు. వనజ తండ్రి పోయినాక ఆ పిల్లను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని టైపు నేర్పే చోటికి తీసుకుపోయింది కూడా ఆయనే, అమ్మకు సొంత తమ్ముడు. ఎండలో బయట చింతగింజలు లెక్కపెట్టుకుంటూ కూర్చుని, క్లాసయ్యాక మళ్లీ కడ్డీ మీద ఎక్కించుకునేవాడు. ఈ వేళ్లు ఆయన పెట్టిన వేళ్లు. అమ్మ నిన్న ఊరినుంచి వచ్చి ఒక్క మాటే అంది, "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది పాపా." అని కొత్తిమీర తుంచుతూ కూర్చుంది.

పక్కన నంజమ్మ కూర్చుని ఉంది. చెన్నమ్మ చెల్లెలు. ఊరినుంచి బస్సెక్కి ఒక్కతే వచ్చింది, గుడ్డసంచిలో పెరుగన్నం పొట్లం, మెత్తబడిన రెండు అరిటిపళ్లు. రాగానే వనజ పక్కన చోటు చేసుకుని, తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కనకాంబరాల మూర విప్పి, అడక్కుండానే ఆమె జడలో తురిమింది. "మా అక్క నిన్ను గురించే చెప్తా ఉన్నింది, వనజ ఇంగ్లీసు కొడతాది అని" అంది. సంచి ఒళ్లో సర్దుకుని, "ఆయప్ప జైలుకు పోవల్లని నేనేం మొక్కుకోలేదు. ఊళ్లో ఏమంటాండారో తెలుసా, సోమరిది, మెట్లెక్కడానికి వళ్లొంగక ఇటికల తొట్లో ఎక్కి సచ్చింది అంటాండారు. మా అక్క సోమరిదా? నలుగుర్లో ఆ ఒక్క మాట కాదని చెప్పు పాపా, నాకంతే సాలు" అంది. వనజ తలూపింది. ఎందుకు ఊపిందో, దేనికి ఊపిందో. కనకాంబరాలకు వాసన ఉండదు, అది ఒక మేలు.

చెన్నమ్మ సోమరిదా. రేకుల షెడ్డుకు కొత్తకోడలిగా వచ్చిన రోజు, నీళ్ల పైపు దగ్గర మగవాళ్లు తిరుగుతుంటే స్నానం ఎట్లాగా అని వనజ బక్కెట్టు పట్టుకుని నిలబడిపోతే, చెన్నమ్మ వచ్చి తన చీరె విప్పి రెండు గెడలకు అడ్డంగా కట్టింది. లంగా జాకెట్టుతో అటు తిరిగి నిలబడి, "పోసుకోమ్మే, ఎవడొస్తాడో సూస్తా" అని కేకేసింది. ఆమె గొంతు కాంక్రీటు మిషను మీదుగా కూడా వినపడేది. మొగుడు వదిలేసి పోయినాక ఆ గొంతు ఇంకా పెద్దదైందని చెప్పుకునేవాళ్లు. మోకాలు వాచి ఉండేది, మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కేది, ఎక్కేది మాత్రం మానేది కాదు. సాయంత్రం పొయ్యి దగ్గర చేరి, "ఈ పొద్దు యేం కత కొట్టినావు?" అని అడిగేది. మొదట్లో ఏమీ లేదక్కా, మేం చదవం, కొడతామంతే అంటే నమ్మలేదు. చేత్తో రాసిన మనిషికి లోపలేముందో తెలీకుండా ఎట్లుంటాది, మేము మోసే ఇటికె బరువు మాకు తెలీదా అని వాదం పెట్టింది. ఆమె పోరు పడలేక వనజ రెండో సూత్రం తప్పి చదవడం మొదలుపెట్టింది. పాత ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగం ఆమే కల్పించేది. ఓడల కెప్టెన్లూ, పాదిరీలూ, తేనెటీగలు పెంచే దొరసానులూ అందరూ ఆ పొయ్యి దగ్గరికొచ్చి కూర్చునేవాళ్లు. చెన్నమ్మ అందర్నీ తిట్టేది, కొందరి మీద జాలిపడేది. పుట అక్కడికయిపోయిందక్కా, తర్వాతిది నాకు రాలేదు అంటే మండిపడేది. ఆమె పోయినాక కూడా ఆ చదివే అలవాటు పోలేదు. ఎవరికి చెప్పాలని చదువుతున్నట్టో వనజ తనను తాను అడగలేదు.

అది స్లాబు రోజు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, కాంక్రీటు గట్టిపడిపోతుంది, అతుకు పడితే నీళ్లు కారతాయి. అందుకే పొద్దున్నే మిషనుకు కుంకం పెట్టి నిమ్మకాయ తొక్కించి మొదలుపెడితే రాత్రయినా సరే పూర్తి చేసి గాని దిగరు. తిరుపాలుకు అన్నం పట్టుకుని వనజ హూడి సైటుకు పోయింది, ఆదివారం గనక సెలవు. పైన మనిషి తక్కువైంది. ఇంజనీరు పైనుంచి అరుస్తున్నాడు, మామ కిందనుంచి పరిగెత్తుతున్నాడు, ఆయన చొక్కా వీపున తడిసి అతుక్కుపోయి ఉంది. చెన్నమ్మ మెట్లవైపు నడుస్తుంటే, "మెట్లెక్కి నువ్వెప్పటికి పోతావు, దీంట్లో ఎక్కు" అన్నాడు. లిఫ్టంటే సామాన్లు పైకి లాగే తొట్టే, మనుషులు ఎక్కేది కాదు. "నేను రానప్పా, తాడు పోగులు లేసుండాది, నిన్ననే సెప్పినా గదా" అంది చెన్నమ్మ. "ఒక్క తూరి. ఎక్కమంటాంటే!" అన్నాడు మామ. అంతకంటే ఎక్కువ మాటలు లేవు. ఆమె ఎక్కింది. తొట్టి అంచు పట్టుకుని, వనజ చేతిలో క్యారేజీ చూసి, "రవ్వంత సంగటి నాకూ ఎత్తిపెట్టు, వస్తా" అంది. వనజ మూతలో కొంచెం తీసింది కూడా. ఆ తర్వాతది శబ్దం. శబ్దం తర్వాత ఒక నిమ్మకాయ ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలి దగ్గర ఆగింది. ఏడుపు రాలేదు. పోలీసులడిగితే విన్నది విన్నట్టు చెప్పింది, అప్పటికింకా ఎవరూ ఏమీ చెప్పొద్దనలేదు. ఇంటికొచ్చి మూతలోని సంగటి ఏం చేయాలో తోచక తనే తినేసింది. ఉప్పుందో లేదో తెలియలేదు. ఆ రోజునుంచి ఏదీ అంతగా తెలియడం లేదు. పెనం మీద చెయ్యి పడితే ఒకటికి రెండు క్షణాలు ఆలస్యంగా తీస్తుంది. ఏడుపు రాలేదే అని మొదట్లో భయం వేసింది గాని, ఆ భయం కూడా ఎక్కువ నాళ్లు నిలవలేదు.

మామ తరపు లాయరు మెత్తటి మనిషి. ఆయన ఆఫీసు గోడ మీద కార్పొరేషను ఎన్నికల్లో నిలబడినప్పటి పోస్టరు ఇంకా ఉంది, చేతులు జోడించి, మెడలో దండతో. ఓడిపోయాడట. ఇక నవల రాయడం ఒక్కటే తక్కువ అనుకుంది వనజ. కాఫీ తెప్పించి, మొగుడూ పెళ్లాలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "చూడమ్మా, గట్టిగా ఏం చెప్పక్కర్లేదు. తిరుపాలు చెప్పిందే నువ్వూ చెప్పాలి, అవే మాటలు, ఒక్క మాట తేడా రాకూడదు. ఇద్దరిదీ ఒకటే అయితే ఇంక ఎవరూ ఏమీ అడగరు" అన్నాడు. వనజకు సూపర్వైజరు నవ్వు గుర్తొచ్చింది. లాయరు నవ్వలేదు, అదొక్కటే తేడా. రెండుసార్లు చెప్పించాడు. రెండోసారి చెప్పేటప్పటికి ఆ మాటలు పాత పుస్తకంలోని ఇంగ్లీషులా నోట్లోంచి పోయాయి, తనవి కానట్టు.

ప్లీడరయ్య కూడా మెత్తగానే అడిగాడు. కుర్రతనంలో ఆయన గెలిచిన మొదటి పెద్ద కేసది. వరదలో రేవు పడవ మునిగి జనం చచ్చిపోయారు. ఈ నీళ్లలో పడవ వెయ్యనని పడవవాడు మొండికేస్తే, రేవు యజమాని వెయ్యమని గదమాయించాడు, పడవవాడూ మునిగిపోయాడు. గదమాయించడం విన్నది పడవవాడి పెళ్లాం ఒక్కతే, హన్నా ఆమె పేరు. యజమాని తరపున ప్లీడరయ్య లేచి ఆమెను బెదిరించలేదు, కసరలేదు. నది అంత హోరుగా ఉంది గదమ్మా, మాటలు స్పష్టంగా వినపడ్డాయని దేవుడి ఎదుట అనగలవా అని అడిగాడు, దవడ కింద లవంగంతో, ఆగి ఆగి. ఏమో, వినపడలేదేమో అంది హన్నా. యజమాని బయటపడ్డాడు. ప్లీడరయ్య పేరు ఊరూరా పాకింది, ఆ పేరే ఆయన్ని చట్టసభలో కూర్చోబెట్టింది. ముసలాడయ్యాక, ఓడిపోయి ఇంట్లో కూర్చున్నాక నవలలు రాశాడు, అన్నిట్లోకీ చివరిదాంట్లో ఒక రేవు, ఒక పడవ, ఒక కోర్టు వస్తాయి. అందులో పడవవాడి పెళ్లాం రెండు పుటల నిండా మాట్లాడుతుంది. విన్నాను, ప్రతి మాటా విన్నాను, నది నోరు మూసుకుని ఉంది అంటుంది. ఆయన రాసినవాటిలో అదే గొప్ప ఘట్టమని జీవితచరిత్ర రాసినాయన మెచ్చుకున్నాడు. చచ్చేముందు కాగితం మీద నోరు తెరిపించాడు, సరే. బతికున్న హన్నా ఏమైంది? ఆ సంగతి ఇక ముందు చెప్తాను అని ఒక పుట ముగిసింది. ఆ తర్వాతి పుట వనజకు రాలేదు. వరసలన్నీ వెతికింది, అడగరానివాళ్లని అడిగింది. ఆఖరికి పక్క వరస నళినికి వచ్చిందని తెలిసి టీ వేళ పట్టుకుంది. ఏమైందే ఆమె, ఊళ్లోనే ఉందా, మళ్లీ పెళ్లి చేసుకుందా, ఎవరైనా మొహాన ఊశారా? నళిని కప్పులోకి బిస్కత్తు ముంచుతూ, "నేనెక్కడ చదివినానే? కొట్టినానంతే" అంది.

కొట్టింది. ఆ పుట నళిని కళ్లలోంచి వేళ్లలోకి, వేళ్లలోంచి మిషనులోకి దిగిపోయింది, మధ్యలో ఎక్కడా మనిషి లేదు. ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చుంటే అది ఎంత హాయైన సంగతో వనజకు అర్థమవుతోంది. తిరుపాలు స్తంభం మార్చాడు. ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది. నిజం చెప్తే మామ జైలుకు పోతాడు, తిరుపాలు కోర్టులో అబద్ధమాడినవాడవుతాడు, షెడ్లలో నాలుగిళ్లవాళ్లకు పని పెట్టేవాడుండడు, అమ్మ కొత్తిమీర తుంచుతూ ఉంటుంది. చెప్పకపోతే చెన్నమ్మ సోమరిది. చచ్చినామె పేరేం చేసుకుంటుంది అని మామ ఒకసారి అన్నాడు, అని వెంటనే తలొంచుకున్నాడు. ముల్లు మీద బట్ట పడినా, బట్ట మీద ముల్లు పడినా చిరిగేది బట్టే. నంజమ్మ అరిటిపండు ఒలిచి సగం వనజ చేతిలో పెట్టింది. "తిను పాపా, ఎప్పుడు పిలుస్తారో ఏమో." వనజ తినింది.

"వనజా కోం తిరుపాలు!" బంట్రోతు కన్నడంలో కేకేశాడు, తిరుపాలు పెళ్లాం వనజా అని. మూడుసార్లు పిలవడం ఆనవాయితీ గనక, ఆమె లేచి నడుస్తున్నా కూడా ఇంకో రెండుసార్లు పిలిచాడు.

లోపల ఫ్యాను తిరుగుతోంది. చేతులు కట్టుకుని నిలబడ్డ మామ ఆమెను చూసి తల దించుకున్నాడు, గడ్డం పెరిగి తెల్లబడింది, సైకిలు తొక్కినప్పటి మెడ నరం అట్లాగే ఉబ్బి ఉంది. నిజమే చెప్తానని ప్రమాణం చేయించారు, చేసింది. సర్కారు వకీలు కుర్రవాడు, చేతిలో ఇంకా చాలా కేసులున్నట్టున్నాయి, తెలుగులోనే అడిగాడు, చెన్నమ్మ లిఫ్టులో ఎట్లా ఎక్కింది అని. ఎదురుగా బల్ల దగ్గర టైపు కొట్టేవాడు వేళ్లు ఎత్తిపెట్టుకుని ఉన్నాడు. మంచి వేళ్లు. ఆమె మొహం వైపు చూడడం లేదు, చూడక్కర్లేదు. చెన్నమ్మ మాట నాలుక చివరిదాకా వచ్చింది, నేను రానప్పా అని, ఆ గొంతుతో సహా వచ్చింది. వనజ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో గుండెలో ఏదైనా కదిలితే చెప్పేద్దామనే అనుకుంది. ఏదీ కదల్లేదు.

"మేస్త్రీ ఎక్కొద్దన్నాడు. ఆమే మెట్లెక్కలేక తానే ఎక్కింది."

వేళ్లు కదిలాయి. పోలీసులకు వేరేగా చెప్పావు గదా అన్నాడు కుర్రవకీలు. చెప్పలేదు అంది. అదీ కొట్టారు. ఆయన నిట్టూర్చి కాగితం తిప్పాడు. మెత్తటి లాయరు లేవనైనా లేవలేదు. రెండు సాక్ష్యాలూ పక్కపక్కన పెడితే ఎక్కడా తేడా లేదు.

బయటికొస్తే నంజమ్మ గుమ్మం దగ్గరే ఉంది, అంతా విన్నది. తిడుతుందనుకుంది, జుట్టు పట్టుకుంటుందనుకుంది. నంజమ్మ ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు, అది ఇప్పుడు చెప్తుందన్నట్టు వనజ నోటివైపే చూస్తూ నిలబడింది. తిరుపాలు వచ్చి వనజ మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. రోడ్డు దాటాక బాదంపాలు ఇప్పించాడు. చాన్నాళ్లకు మొహంలోకి చూసి, "తియ్యగుండాదా?" అని అడిగాడు. ఉంది అంది వనజ. అతను కళ్లు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం షిఫ్టుకు పోయింది. సెలవు పెట్టుకోవచ్చు గాని ఇంట్లో అమ్మ ఉంది. టైర్ల వాసన, మెట్లు, చెప్పులు విప్పే చోటు, ఫ్యాను కింద తన కుర్చీ. తేడా వచ్చిన పుటలు మూడో మనిషిగా ఆమెకే పంపుతారు, పాతమనిషి గనక. తెర వెలిగింది. పైన పుట వచ్చింది. కొసన అంకె చూడగానే తెలిసింది, ఆ పుటే. పైనుంచి మూడో వరసలో హన్నా పేరు, దాని పక్కన ఒక సంవత్సరం, ఒక ఊరి పేరు. అక్షరాలు చక్కగా, మసక లేకుండా ఉన్నాయి. వనజ వీపు నిటారుగా పెట్టుకుని వేళ్లు వేసింది. ఎప్పుడూ లేనంత వేగంగా పోయాయి. ఒక అక్షరం, దాని పక్క అక్షరం, చుక్క, జాగా, మళ్లీ అక్షరం, ఏ రెండూ కలిసి మాట కాకుండా. పుట అడుగుదాకా పోయి ఆగింది. ఒక్క తప్పు లేదు.

"నాదాంట్లో తేడా వచ్చిందంట, నీకు పంపినారా? నువ్వడిగిన పేజీ గదే అది!" పక్క వరసలోంచి నళిని కుర్చీ లాక్కుని వచ్చింది. జడలో వాడిపోతున్న కనకాంబరాలు చూసి, ఏమిటివాళ విశేషం అన్నట్టు వేలితో తాకింది. "అన్నిసార్లు నా ప్రాణం తీసినావు, చెప్పు ఇప్పుడు. ఏమైందంట ఆయమ్మ?"

పుట అప్పటికే తెర మీదనుంచి పోయింది. వనజ తన వేళ్లవైపు చూసుకుంది.

"నేను చదవలేదే" అంది. "కొట్టినానంతే."